తాజుద్దీన్ అసలు వయసు

ఆ గురువారం మధ్యాహ్నం నుంచి తాజుద్దీన్ కాళ్ళు నేల మీద లేవు. ముప్ఫై నాలుగేళ్ళుగా పెర్త్‌లో బ్రిడ్జిలు గీస్తున్న మనిషి. పదకొండు బ్రిడ్జిలు కట్టించాడు. పదకొండింటికీ పేరు ఇంకెవరికో వచ్చింది. పెళ్ళిలో తోడపెళ్ళికొడుకులా పక్కన నిలబడి ఫొటోలు దిగడమే ఆయన వంతు. అలాంటిది, ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు పెద్ద కుర్చీలో కూర్చున్న రామ్మోహన్ ఆ రోజు గదిలోకి పిలిచి తలుపేశాడు.

"సార్, ఉత్తరాన గనుల నుంచి రేవు దాకా కొత్త రైలు లైన్ వస్తోంది. పంతొమ్మిది బ్రిడ్జిలు. చీఫ్ ఇంజనీర్‌గా మీరుంటారా? నాలుగేళ్ళు. రెండు వారాలు సైట్‌లో, ఒక వారం ఇంట్లో."

తాజుద్దీన్ "ఆలోచించుకుని చెబుతాను" అనలేదు. "ఇంట్లో ఒక మాట అడగాలి" అనలేదు. నోరు తెరిచేలోపే తల ఊగిపోయింది. సోమవారం పొద్దున అందరికీ మెయిల్ పెట్టేస్తానన్నాడు రామ్మోహన్.

హారిస్‌డేల్‌లో సొంత ఇంటి ముందు కారు ఆపాక గాని ఆయనకు అసలు సంగతి గుర్తు రాలేదు. డ్రైవ్‌వేలో క్యారవాన్ ఉంది.

క్యారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. ఉద్యోగాలు చాలించిన తెల్లవాళ్ళు మొగుడూ పెళ్ళాం దాన్ని కారు వెనక తగిలించుకుని ఏడాది పాటు దేశం చుట్టి వస్తారు. తాజుద్దీన్ భార్య కుల్సుంకి దాని మీద మోజు. బాపట్లలో పుట్టి, ఇక్కడికొచ్చి పాతికేళ్ళు చైల్డ్‌కేర్‌లో పరాయి పిల్లల ముక్కులు తుడిచి, అరవై నిండగానే ఉద్యోగానికి సలాం కొట్టిన మనిషి ఆమె. అంతకు ముందు పాప యూనివర్సిటీకి వెళ్ళాక అన్నాడు తాజుద్దీన్, పాప పెళ్ళయ్యాక అన్నాడు, ఈ బ్రిడ్జి అయ్యాక అన్నాడు. మూడేళ్ళ కిందట కుల్సుం ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తేదీ చెప్పకపోతే లేవనంది. "అరవై ఐదు నిండిన రోజే ఉద్యోగానికి ఆఖరి రోజు. అల్లా సాక్షి" అన్నాడాయన.

పాస్‌పోర్టు ప్రకారం ఆ రోజు జులై ఒకటి. ఇంకా రెండు వారాలుంది. ఐదో తారీఖున ప్రయాణం. కుల్సుం ఈలోపు క్యారవాన్ తగిలించిన కారును వెనక్కి నడిపే క్లాసులకు వెళ్ళింది. మొదటి రోజు ప్లాస్టిక్ కోన్లన్నీ తొక్కేసి వచ్చింది, నాలుగో వారానికి సర్టిఫికెట్టు పట్టుకొచ్చి ఫ్రిజ్‌కి అతికించింది. జెరాల్డ్‌టన్, కార్నార్వన్, బ్రూమ్, ఒక్కో ఊళ్ళో దిగే చోటు బుక్ చేసింది. కుక్కర్లు, పచ్చళ్ళు, నమాజుకి పరుచుకునే జానిమాజులు, దుప్పట్లు అన్నీ బండిలోకి ఎక్కించేసింది.

ఇప్పుడీయన ఏం చెయ్యాలి? తాజుద్దీన్ మాట తప్పే మనిషి కాదు. మాటలో సందు వెతికే మనిషి. గురువారం వెతికాడు, శుక్రవారం నమాజులో కూడా వెతికాడు, తౌబా తౌబా. శనివారం స్నానం చేస్తుండగా దొరికింది.

జులై ఒకటి! చీరాల బళ్ళో ఆయన క్లాసులో సగం మంది జులై ఒకటినే పుట్టారు. పిల్లాణ్ణి బళ్ళో వేసే రోజున మేష్టారు మొహం చూసి ఒక ఏడు రాసేవాడు, తారీఖు మాత్రం అందరికీ అదే. ఆ తరంలో కాయితం మీది వయసు ఒకటి, ఒంటి వయసు ఒకటి. పైగా వాళ్ళమ్మ పోయే ముందు ఒకసారి అంది కదా, "నిన్ను బళ్ళో వేసేటప్పుడు మీ బాబా వయసు మార్చి రాయించాడురా" అని. పెంచి రాయించాడా, తగ్గించి రాయించాడా అని అప్పుడు ఈయన అడగలేదు. ఇప్పుడు తల తుడుచుకుంటూ తనే తేల్చేసుకున్నాడు. మార్చాడంటే పెంచే ఉంటాడు, చిన్నవాణ్ణి ముందే బళ్ళో కూర్చోబెట్టడానికి. మూడేళ్ళయినా పెంచి ఉండాలి. నాలుగైతే ఇంకా మంచిది.

ఆదివారం మధ్యాహ్నం కూతురు మహీన్ భోజనానికొచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. కుల్సుం బగారా అన్నం, దాల్చా చేసింది. కూతురు ఎదురుగా ఉంటే గొడవ పెద్దదవదని తాజుద్దీన్ లెక్క.

"కుల్సుం, నీకో సంగతి చెప్పాలి. నాకు వచ్చే నెల నిండేది అరవై ఐదు కాదు."

కుల్సుం గరిటె గిన్నెలోనే ఆగింది. "మరి?"

"అరవై రెండు. బళ్ళో పెంచి రాశారు."

"ఏంటీ?" కుల్సుం కుర్చీలో చతికిలబడింది. "నలభై ఏళ్ళ కాపురం. నాకంటే రెండేళ్ళు పెద్దవాడని చెప్పి మీకిచ్చి చేశారు నన్ను. ఇప్పుడు నాకు అరవై మూడు. అంటే నేను నాకంటే చిన్నవాణ్ణి చేసుకున్నానా? యా అల్లా! మా అన్నయ్యకి తెలిస్తే ఏమంటాడు!"

"డాడ్, ఆర్ యు సీరియస్?" అంది మహీన్ నోటి దగ్గర ముద్ద ఆపేసి.

"అంచేత, మాట మాటే. అరవై ఐదు నిండిన రోజు మానేస్తానన్నాను. మానేస్తాను. ఇంకో మూడేళ్ళుంది, అంతే."

కుల్సుం మొహం పాలిపోయింది. ఆమె కళ్ళు కిటికీలోంచి క్యారవాన్ మీదికి పోయి మళ్ళీ మొగుడి మీదికి వచ్చాయి.

"సాక్ష్యం ఏదీ?" అంది.

"ఆపా ఉందిగా చీరాల్లో. ఆపా అబద్ధం చెప్పదని నువ్వే అంటావు."

అక్కడే చేశాడు పొరపాటు. ముందు తనొక్కడూ ఫోన్ చేసి కనుక్కుంటే పోయేది. కానీ కావలసింది ఒకటే జవాబు అయినప్పుడు, వేరే జవాబు ఉంటుందని మనిషికి తోచదు. మహీన్ ఫోన్‌ని నీళ్ళ జగ్గుకి ఆనించి నిలబెట్టి వీడియో కలిపింది. అక్కడ పొద్దున పదిన్నర. తాజుద్దీన్ అక్క బీబీజాన్ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి.

"ఏరా తాజూ, అన్నం తిన్నావా?"

"ఆపా, ముందొక మాట చెప్పు. నన్ను బళ్ళో వేసేటప్పుడు వయసు మార్చారని అమ్మీ అనేది. నిజమేనా?"

"నిజమే. నా ఎదురుగానే మార్చారు."

తాజుద్దీన్ విజయం సాధించినవాడిలా పెళ్ళాం వైపు చూశాడు. "విన్నావా? ఎన్నేళ్ళు పెంచారు ఆపా?"

"పెంచడమేంట్రా? తగ్గించారు."

తాజుద్దీన్ మొహంలో కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు.

"ఎంత తగ్గించారు ఫుప్పూ?" అనడిగింది మహీన్, ఎన్నడూ లేనిది తెలుగులో.

"నాలుగున్నర. జనార్దనరావు మేష్టారు ఆరేళ్ళని రాశాడు. వీడికి అప్పటికే పదిన్నర."

మహీన్ వేళ్ళు మడిచింది. "సో... సిక్స్టీ నైన్ అండ్ ఎ హాఫ్? డాడ్!"

"డెబ్బయ్యోది నడుస్తోంది" అంది బీబీజాన్ కాయ తుంచుతూ, రేపు కరెంటు ఉండదని చెప్పినంత తేలిగ్గా.

"అబద్ధం!" తాజుద్దీన్ లేచి నిలబడ్డాడు. "నువ్వు నాకంటే ఏడేళ్ళు పెద్ద ఆపా! నన్ను చంకనెత్తుకుని తిప్పావు!"

"నిన్నా? నీకూ నాకూ రెండున్నరేళ్ళు తేడా. నిన్నెత్తుకుంటే నా నడుం విరిగేది. ఇద్దరం పక్కపక్కన నడిచేవాళ్ళంరా."

"మరి నేను ఐదేళ్ళ వయసులో మేకలు..."

ఈ మేకల సంగతి పెర్త్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అసోసియేషన్ మీటింగుల్లో, ఆఫీసు సన్మానాల్లో, మహీన్ పెళ్ళి విందులో, మైకు ఎక్కడ దొరికితే అక్కడ "ఐదేళ్ళ వయసులో ముప్ఫై మేకలు కాసినవాణ్ణి నేను" అనే మొదలుపెడతాడాయన. వినేవాళ్ళు చప్పట్లు కొడతారు.

"ఐదేళ్ళవాడి చేతికి ముప్ఫై మేకలు ఏ బుద్ధున్నవాడు ఇస్తాడురా?" అంది బీబీజాన్. "పదేళ్ళొచ్చే దాకా కాశావు. అందుకేగా బడికి ఆలస్యమైంది!"

కుల్సుంకి నవ్వు ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తాజుద్దీన్ చివరి గడ్డిపోచ పట్టుకున్నాడు.

"ఆపా, ఒకటో క్లాసు నుంచి పదో క్లాసు దాకా నేనే ఫస్టు..."

"ఆరేళ్ళ పిల్లల మధ్య పదేళ్ళవాణ్ణి కూర్చోబెడితే ఫస్టు రాక ఏమొస్తుంది? రాకపోతే సిగ్గుచేటు! చివరి బెంచీలో తాటిచెట్టులా నువ్వొక్కడివేగా."

మహీన్ కూడా పగలబడి నవ్వింది. తాజుద్దీన్ నవ్వలేదు. కూర్చున్నాడు. తాను తీసిన గోతిలో తనే పడ్డాడన్న సంగతి అప్పటికింకా ఆయనకు పట్టలేదు. తన బతుకులోంచి నాలుగున్నరేళ్ళు ఎవరో తీసుకుపోయారు, ఎప్పుడు పోయాయో తెలియదు, ఎక్కడ గడిపాడో తెలియదు. ఆ విస్మయమే ఉంది ఆయన మొహంలో.

"నాకెందుకు చెప్పలేదు ఎవరూ?"

బీబీజాన్ చాట పక్కన పెట్టింది. "మేష్టారు బాబాతో అన్నాడు, అసలు వయసు రాస్తే వీడు చదువు ముగించేసరికి ఉద్యోగానికి వయసు దాటిపోతుందని. బాబా నాచేతా అమ్మీచేతా ఒట్టేయించాడు. ఆలస్యమైపోయిందని తెలిస్తే పిల్లాడు మనసు విరిగి కూలబడతాడు, తెలియకపోతే పరిగెత్తుతాడు అన్నాడు. నువ్వు పరిగెత్తావు కదరా. పరిగెత్తి పరిగెత్తి ఆస్ట్రేలియా దాకా పోయావు."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"అడిగావు కనక. యాభై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి అడిగావా? అయినా నాకూ డెబ్బై రెండొచ్చాయి. నేను కళ్ళు మూస్తే నీ వయసెంతో తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరున్నార్రా?"

ఆ మాటకి ఎవరికీ నవ్వు రాలేదు. బీబీజాన్ ఫోన్ పెట్టేసింది. పిల్లల్ని స్విమ్మింగ్ నుంచి తీసుకురావాలని మహీన్ తండ్రి నెత్తి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

తాజుద్దీన్ మోకాళ్ళు ముట్టుకుని చూసుకున్నాడు. గంట కిందట అవి నొప్పి లేవు. ఇప్పుడు సలుపుతున్నాయి. వాళ్ళ బాబా ఎంత తెలివైనవాడో అప్పుడర్థమైంది.

కుల్సుం కంచాలు తీస్తూ తీస్తూ ఆగింది. "అవునూ, ఉన్నట్టుండి మీకీ వయసు గోల ఎందుకొచ్చింది? అరవై రెండు చేసుకోవాలని అంత తాపత్రయం దేనికి?"

ఇక దాచి లాభం లేదు. పంతొమ్మిది బ్రిడ్జిల సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"ఒప్పేసుకున్నారా?"

"ఒప్పుకున్నా."

"ఎప్పుడు?"

"గురువారం."

"ఇవాళ ఆదివారం" అంది కుల్సుం.

అంతే అంది. అరుస్తుందనుకున్నాడు, శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. ఆమె తడి చేతులు తుడుచుకుని బయటికెళ్ళింది. కాసేపటికి తాజుద్దీన్ కిటికీలోంచి చూశాడు. కుల్సుం క్యారవాన్ తలుపు బార్లా తెరిచి సామాన్లు దించుతోంది. దుప్పట్లు తెచ్చి వరండాలో పెట్టింది. పచ్చడి జాడీలు, పళ్ళేలు, చిన్న స్టవ్వు, ఒక్కోటీ మోసుకొస్తోంది. కోపంతో విసిరెయ్యడం లేదు, చెంచాలు కూడా జాగ్రత్తగా బట్టలో చుట్టి తెస్తోంది. పక్కింటివాళ్ళు చెయ్యి ఊపితే తనూ చెయ్యి ఊపింది.

ఆయన చెప్పులు లేకుండానే పరిగెత్తాడు. "ఏం చేస్తున్నావు?"

"ఖాళీ చేస్తున్నా. అమ్మేద్దాం."

"అమ్మడం ఎందుకు? నాలుగేళ్ళు వాయిదా వేద్దాం అంతే కదా..."

"నాలుగేళ్ళకి మీకు డెబ్బై నాలుగు. ఆ లైను ఇంకో ఏడు సాగుతుంది. సాగని బ్రిడ్జి మీరెప్పుడైనా కట్టారా? అప్పుడీ బండి తగిలించేది ఎవరు, విప్పేది ఎవరు? అరవై ఐదు అనుకున్నప్పుడు వాయిదా అంటే నమ్మేదాన్నండీ. ఇప్పుడు నాకు లెక్కొచ్చింది."

గొంతు పెంచకుండా అంది. ఆవిడ అలగలేదు, బెదిరించలేదు, నిజంగానే ఆశ వదిలేసుకుంది. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఆమె వినేలా స్పీకర్ పెట్టాడు.

రామ్మోహన్ కుటుంబంతో ఏదో పార్కులో బార్బెక్యూ పొయ్యి దగ్గరున్నాడు. వెనక పిల్లల కేకలు.

"రామ్మోహన్, నాకు డెబ్బయ్యో ఏడు నడుస్తోందట."

"ఎవరన్నారు సార్?"

"మా అక్క."

రామ్మోహన్ నవ్వేశాడు. "సార్, పాస్‌పోర్టులో ఎంతుంది? కంపెనీకి కావలసింది అదే. పోయిన నెల మెడికల్‌లో పాసయ్యారు మీరు. మా నాన్నకీ మూడేళ్ళు తేడా ఉంది, మనవాళ్ళలో ఎవరికి లేదు? మీరు చెప్పకండి, నేను వినలేదు."

అబద్ధమెందుకు, ఆ క్షణాన తాజుద్దీన్ మనసు జారింది. నిజమే కదా! కాయితం మీద అరవై ఐదే. ప్రపంచమంతా కాయితాన్నే నమ్ముతుంది. పంతొమ్మిది బ్రిడ్జిలు, మొదటి పేరు తనది. ఆయన కళ్ళెత్తి చూశాడు. ఎదురుగా కుల్సుం రైస్ కుక్కర్‌ని చంటిపిల్లలా చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"రామ్మోహన్, క్యారవాన్‌లో తిరుగుతూనే వారానికి రెండు రోజులు చూసి పెడితే? డ్రాయింగులు, లెక్కలు..."

"చీఫ్ సైట్‌లో లేకుండా బ్రిడ్జి ఎలా లేస్తుంది సార్? ఆ మాట నాకు నేర్పింది మీరే."

"అవును. నేనే నేర్పాను. అయితే ఇంకొకర్ని చూసుకో నాయనా. రేపు ఆ మెయిల్ పెట్టకు."

"సార్, జోకా?" అన్నాడు రామ్మోహన్. కాదన్నాడు తాజుద్దీన్. ఫోన్ జేబులో పెట్టుకుని క్యారవాన్ మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఏడుపొచ్చింది. త్యాగం చేసిన సంతోషం, గాడిదగుడ్డూ ఏం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఎదురుచూసింది చేతికొచ్చి జారిపోయింది. పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

కుల్సుం నిర్ఘాంతపోయింది. నలభై ఏళ్ళలో అత్తగారు పోయినప్పుడు కూడా ఆ మనిషి కంట తడి చూడలేదు. కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"నీ కోసమే మానేశానని రేపట్నుంచి నన్ను దెప్పకండి."

"దెప్పను."

"బాధగా ఉందా?"

"చాలా."

"ఉండనీయండి. నాకు మూడేళ్ళుగా ఉంది" అంది కుల్సుం. తర్వాత కాసేపు కుక్కర్ మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. "నేనొక లెక్క వేసుకున్నానండీ. మీతో చెప్పలేదు. ఎనభై దాకా మీరు బండి నడుపుతారనుకున్నా. మా నాన్న ఎనభై రెండులో కూడా స్కూటర్ నడిపాడు కదా. అంటే మనకి పదిహేనేళ్ళున్నాయనుకున్నా."

వేళ్ళు మడవబోయింది. మడవలేకపోయింది.

"పదేళ్ళేనా ఇక?" అంది. మధ్యాహ్నం నుంచి నవ్వి, నిలదీసి, సామాన్లు మోసిన మనిషి అప్పుడు ఏడ్చింది.

తాజుద్దీన్ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. బ్రిడ్జిల కోసం మూడేళ్ళు సంపాదిద్దామని ఫోన్ చేయించాడు తను. ఆ ఒక్క ఫోన్‌తో ఈవిడ దగ్గర ఐదేళ్ళు పోయాయి. తన బతుకులో పోయినవి ఎన్నో తేల్చుకునే గొడవలో, ఆవిడకి పోయినవి ఆయనకు కనిపించనే లేదు.

తర్వాత ఆమె ఒళ్ళోంచి కుక్కర్ తీసుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, బండిలోకెక్కి దాని చోట దాన్ని పెట్టి దిగాడు. వరండాలోంచి దుప్పట్లు తెచ్చాడు.

"రేపు పొద్దున సెలవు పెట్టేస్తాను. ఎల్లుండి బయల్దేరదాం" అన్నాడు.

"జెరాల్డ్‌టన్‌లో బుక్ చేసింది వచ్చే నెల ఐదుకి. ఎల్లుండి పోతే చోటెక్కడ దొరుకుతుంది?"

"దొరికిన చోట ఆగుదాం. నువ్వు లే, ఆ జాడీలు అందుకో."